వేంపల్లెకు హైదరాబాదు ఎంత దూరం?

ఈ ప్రశ్నకు మా ఊళ్ళో మూడు జవాబులున్నాయి. బస్సువాళ్ళనడిగితే ఒక రాత్రి అంటారు. విమానం టిక్కెట్టు గంట అంటుంది. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే కడప విమానాశ్రయం నుంచి శంషాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. 2023 చలికాలంలో మొట్టమొదటిసారి గాలిమోటారెక్కే యోగం పట్టి, ఈ లెక్కలన్నీ సరిచూసుకున్నాను.

కడప విమానాశ్రయాన్ని 2015 జూన్‌లో తెరిచారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ఆరంభమైనప్పుడు, సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు బయలుదేరిన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాదు ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకుండా కొన్ని సీట్లు కేటాయించారు. అప్పుడు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఆ మార్చిలోనే ఇండిగో వచ్చింది. ఎవరు నడిపినా విమానం మాత్రం రెండు పంకాల ఏటీఆరే.

అది గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోగలదు. అంటే 300 కిలోమీటర్లకు 36 నిమిషాలు చాలాలి. మరి టైంటేబిలులో గంట ఎందుకు పెట్టారు? చక్రం కదిలినప్పటి నుంచి తిరిగి నిలిచేదాకా వాళ్ళ లెక్క. రన్‌వే కొసకు నడవాలి, పైకెక్కేటప్పుడు నిదానించాలి, శంషాబాదు మీద దిగే వంతు కోసం కాచుకోవాలి. ఇక మా లెక్క వేరు. నందిమండలం మీదుగా విమానాశ్రయం చేరడానికే గంట పైన పట్టింది. గంట ముందే తలుపులు మూస్తారని భయపడి, ఇంకో గంట ముందే చేరి కూర్చున్నాను!

పటం మీద సరళరేఖ గీస్తే మైదుకూరు, అహోబిలం కొండలు, కృష్ణ దాటి శంషాబాదు వస్తుంది. మా గండి కొండలు వెనకే ఉండిపోతాయి. మన్రో దొరకు కనిపించిందని చెప్పుకునే బంగారు తోరణాన్ని పైనుంచి వెతికే అదృష్టం లేదన్నమాట.

పక్క సీట్లో మా వైపు ఆమే ఉంది. కువైట్‌లో ఒక ఇంట వంట చేస్తుందట.

"మొదటిసారా అన్నా?" అంది, నేను బెల్టుతో పడే అవస్థ చూసి.

"అవునమ్మా. నీకో?"

"నాకు లెక్క లేదు."

హైదరాబాదు నుంచి కువైట్ 3,300 కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు అయిదు గంటలు. ఉదయం ఎనిమిదికి లేస్తే అక్కడి గడియారం పదిన్నరకే దించుతుంది, వాళ్ళ పొద్దు మనకంటే రెండున్నర గంటలు వెనక గనుక. తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోసి కాస్త తొందరగా తెస్తుంది. కాని ఆమె రాక రెండేళ్ళకొకసారే. పోయినసారి కొడుకు గుర్తుపట్టక అవ్వ కొంగు చాటుకు పోయాడట.

ఆమె చేతి గడియారం చూశాను.

"ఆడికి పోయినాక ముల్లు తిప్పుకోవాల గదా?"

"తిప్పను. పిల్లోడు బడి నుంచి ఎప్పుడొచ్చాడో తెలియాల గదన్నా!"

శంషాబాదులో దిగాక ఆమె కువైట్ వరుస వెతుక్కుంటూ పోయింది. నేను ఊళ్ళోకి బస్సెక్కాను. అదింకో గంట.