మూడు సెకన్లు

బూందీ నన్ను కరిచిన రోజు తప్పు నాదే. ఆ ముక్క అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వెంగళరావు నగర్‌లో మాదో పాత మూడంతస్తుల బిల్డింగ్. ఇటు మధురా నగర్ మెట్రో, అటు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. అద్దెకుండేవాళ్లలో సగంమంది సినిమా పనులవాళ్లే. నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. రాత్రి రెండింటికి ఇల్లు చేరినా సెల్లార్‌లో మేలుకుని ఉండేది బూందీ ఒక్కతే. ఒళ్లంతా పసుపు మచ్చలు, అందుకే ఆ పేరు.

ఆ రాత్రి ఎవరిదో స్కూటర్ సీటు మీద వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. రుద్దమంటోందనుకున్నాను. ముంగాళ్లతో చేయి పట్టేసి, వెనక కాళ్లతో తన్ని, బొటనవేలి పక్కన పళ్లు దించింది. పిల్లి పొట్ట చూపిస్తే "నువ్వంటే భయం లేదు" అని మాత్రమేనట, ముట్టుకోమని కాదు. నాకేం తెలుసు!

"గట్ల పొట్ట మీద చెయ్యేస్తరా మేడం?" అంది వాచ్‌మన్ భార్య, నన్ను కుళాయి కిందికి తోస్తూ. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. ఎదురింటావిడ పసుపు తెచ్చింది కానీ, అలాంటివేం రాయొద్దన్నారు డాక్టర్. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, భుజానికి వ్యాక్సిన్. మళ్లీ 3, 7, 14, 28 రోజులకి.

తెల్లారేసరికి సెక్రటరీ అంకుల్ మెసేజ్: "ఆదివారం గోతాంలో కట్టించి ఓఆర్ఆర్ అవతల వదిలిద్దాం." కింద తొమ్మిది థమ్స్-అప్‌లు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి బయల్దేరే మనిషాయన. నేను ఊరుకున్నాను. చేయి నొప్పిగా ఉంది, పైగా అందరూ నా మీద జాలి పడుతున్నారు. అది బాగానే ఉంది, నిజం చెప్పాలంటే.

శనివారం రాత్రి రాశాను. "అది పడుకుంటే నేనే వెళ్లి కెలికాను. పైగా పది రోజులు దాన్ని కనిపెట్టి చూడమన్నారు డాక్టర్. రేబిస్ ఉంటే ఆలోగా తెలిసిపోతుందట. గోతాంలో వేస్తే ఎలా చూడను?" జాలికి లొంగనివాళ్లు రేబిస్‌కి లొంగారు.

ఆ పది రోజులూ మెట్ల మీద కూర్చుని దాన్ని చూడటమే పని. అప్పుడే లారెన్ ఫింకా అనే పరిశోధకురాలి బృందం 2021లో ప్రచురించిన పేపర్ దొరికింది. లండన్‌లోని బాటర్‌సీ షెల్టర్లో మనుషులకి చిన్న శిక్షణ ఇచ్చి పిల్లుల దగ్గరికి పంపారు. శిక్షణ తర్వాత పిల్లుల కోపం తగ్గింది, చనువు పెరిగింది. వాళ్లు నేర్పిందాంట్లో ముఖ్యమైనది, నిర్ణయం పిల్లికి వదిలేయడం.

ముందు నేల మీద, కాస్త పక్కకి తిరిగి కూర్చోవాలి. ఒక వేలు చాపి ఊరుకోవాలి. వాసన చూసి తనే చెంప రుద్దితే అప్పుడు చెంపలు, గడ్డం కింద, చెవుల మొదళ్లు. అక్కడ దాని వాసన గ్రంథులుంటాయి. తోక, పొట్ట జోలికి పోకూడదు. మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. మళ్లీ తల పెడితేనే ఇంకో మూడు. చెవులు పక్కకి తిరిగినా, తోక టపటపా కొట్టినా, వీపు మీద చర్మం వణికినా ఆపేయాలి. ఉన్నట్టుండి ఒళ్లు నాకడం మొదలుపెట్టినా అంతే.

చేయి తీసేయడమే కష్టం. మెత్తగా, వెచ్చగా అరచేతిలో ఒక ప్రాణం గురగురలాడుతుంటే, అదీ ఎవరూ లేని రాత్రి రెండింటికి, మూడు సెకన్లేం సరిపోతాయి? నాలుగో రోజు ఐదు దాకా లెక్కపెట్టాను. లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు దగ్గరికి రాలేదు.

పదకొండో రోజు గ్రూపులో దాని ఫోటో పెట్టాను, కింద "ఆరోగ్యంగా ఉంది" అని. గోతాం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డాక్టర్ చెప్పిన డోసులన్నీ మాత్రం వేయించుకున్నాను.

ఆఖరి ఇంజెక్షన్ నాటి పొద్దున సెక్రటరీ అంకుల్ పాలప్యాకెట్‌తో వస్తూ సెల్లార్‌లో ఆగారు. అటూ ఇటూ చూసి, నిలబడే ఒక వేలు కిందికి చాపారు. బూందీ తలెత్తి చూసింది, కదల్లేదు.

"కింద కూర్చోవాలి అంకుల్," అన్నాను.

"మోకాళ్లమ్మా," అన్నారాయన, వేలు మాత్రం తీయకుండా.