గోడకీ చూరు కావాలి!

వంటగట్టుకి ఏ రాయి వెయ్యాలి, హాల్లో ఏ బండలు పరవాలి అని మనం నెలలకొద్దీ ఆలోచిస్తాం. పెరటి గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి కానివ్వండి" అనేస్తాం. నేనూ అలాగే అన్నాను. ఆ ఒక్క మాటతో ఒక గోడనీ, గోడ అవతలి మనిషినీ కూడా పోగొట్టుకోబోయాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ మీతో చెప్పుకుంటున్నాను.

మాది నంద్యాల. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఇంటిస్థలం పంచుకున్నారు. మధ్యలో నిలువెత్తు గోడ లేచింది. ఇటు నా మల్లెపందిరి, కరివేపాకు చెట్టు. అటు మా తోడికోడలి తులసికోట, బట్టలుతికే బండ. గోడ నెత్తిన ఇంత సిమెంటు పూసి వదిలేశారు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి దాని మీద సన్నటి పగుళ్ళు వచ్చాయి. వాటిలోంచి నీళ్ళు దిగి, రెండు పక్కలా ప్లాస్టరింగు ఉబ్బి పెచ్చులూడడం మొదలైంది. ఏటా రంగు వెయ్యడం, వానకి అది రాలిపోవడం. గోడకి చెమ్మ కింది నుంచే ఎక్కుతుందనుకునేదాన్ని. పైనుంచి కూడా దిగుతుందని అప్పుడే తెలిసింది.

"గోడ మీద రాళ్ళు పరిపించండమ్మా, చాన్నాళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు మేస్త్రి. మాకు బేతంచెర్ల దగ్గరే కదా, నాపరాళ్ళకి కొదవ లేదు. అక్కడే నేను తెలివి ప్రదర్శించాను. గోడ వెడల్పు ప్లాస్టరింగుతో కలిపి పది అంగుళాలు. డబ్బు కలిసొస్తుందని సరిగ్గా పది అంగుళాల రాళ్ళే తెప్పించాను. మందం అంగుళం కూడా లేదు. "వాటం ఎటు పెట్టమంటారు?" అని మేస్త్రి అడిగితే, నా మల్లెమొక్కల్లో నీళ్ళు నిలుస్తాయని "అటు పెట్టెయ్" అన్నాను.

ఆ ఏడే మరిది కూతురి నిశ్చితార్థమని వాళ్ళు గోడకి కొత్త రంగు వేయించుకున్నారు. మొదటి పెద్దవానకే రాళ్ళ మీది మట్టి, దుమ్ము అంతా ఆ రంగు మీదుగా కారి నల్లటి చారలు కట్టింది. తోడికోడలు గోడ అవతలే నిలబడి, "అక్కా, స్థలం సగం సగం పంచుకున్నాం. నీళ్ళు మాత్రం మొత్తం మాకే ఇచ్చావా?" అంది. "వాన నన్నడిగి కురుస్తుందా?" అన్నాను నేను. అంతే, మాటలు ఆగిపోయాయి. గోడ మీదుగా అటూ ఇటూ తిరిగే పచ్చడి గిన్నె కూడా ఆగిపోయింది. మా చెట్టు కరివేపాకు చేతికందే దూరంలో ఉన్నా, ఆమె నాలుగు నెలలు బజార్లోనే కొనుక్కుంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ ఎండాకాలం రాళ్ళు తీయించి మళ్ళీ పరిపించాను. ఈసారి మేస్త్రి పక్కనే కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. మీకూ పనికొస్తాయి.

మొదటిది వెడల్పు. ఇంటికి చూరు ఎలాగో గోడకి రాయి అలాగ. రెండు పక్కలా కనీసం అంగుళంన్నర, రెండంగుళాలు బయటికి రావాలి. మా పది అంగుళాల గోడకి పద్నాలుగు అంగుళాల రాళ్ళు పట్టాయి. మందం రెండంగుళాలు తీసుకున్నాం.

రెండోది రాయి కింద గాడి. ఇది చాలామంది మర్చిపోతారు. మూతి అంచు లేని గిన్నెలోంచి పాలు వంపితే ఏమవుతుంది? పాలు గ్లాసులో పడకుండా గిన్నె పొట్ట మీదుగా జారిపోతాయి. రాయి మీది నీళ్ళూ అంతే, అంచు దాటాక అడుగున పాక్కుంటూ గోడకే చేరతాయి. బయటికి వచ్చిన భాగంలో, రాయి అడుగున, పొడుగునా సన్నటి గాడి కోయిస్తే నీళ్ళు అక్కడే తెగి చుక్కలుగా కింద పడతాయి. గాడి గోడ మీదికి రాకూడదు, గోడకీ అంచుకీ మధ్య ఉండాలి. పరిచాక చెయ్యలేం, ముందే కోయించుకోవాలి.

మూడోది అతుకులు. నీళ్ళు దిగేది వాటిలోంచే. పొడుగు రాళ్ళయితే అతుకులు తగ్గుతాయి. రాళ్ళ కింద వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పొర వేయించండి. పరిచి ఆరాక వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల చప్పుడొస్తే కింద సిమెంటు నిండలేదన్నమాట, మళ్ళీ వేయించాల్సిందే.

ఇక ఏ రాయి అంటారా? మీ ఊరికి దగ్గర దొరికేది మేలు, బండి కిరాయి కలిసొస్తుంది. మా వైపు నాపరాళ్ళు, కడప బండలు. హైదరాబాదు వైపు తాండూరు, షాబాదు బండలు. ఇవన్నీ సున్నపురాయి జాతే. పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి కొనేముందు అంచులు చూడండి. పొర విడినట్టు గీతలుంటే వద్దు. కొడితే ఖంగుమని మోగాలి. గ్రానైటు ఖరీదెక్కువ గానీ పులుపుకీ ఆసిడ్‌కీ సులభంగా లొంగదు.

నాపరాయి అలా కాదు. గీకిన పొడి మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నగా బుసబుసమంటుంది. పిల్లలతో బెలూం గుహలకి వెళ్ళినప్పుడు చూశాను. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ గుహలు సున్నపురాయిని నీళ్ళు తొలిచినవే! దానికి వేలవేల ఏళ్ళు పట్టింది, మన గోడకి భయం లేదు. కానీ పాచి పట్టిందని బాత్రూం ఆసిడ్ మాత్రం పొయ్యకండి, రాయి మెరుపు పోయి గరుకెక్కుతుంది. నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో రుద్దితే చాలు.

చివరిది వాటం. అది లెక్కల్లో దొరకదు. ఈసారి మేస్త్రి అడక్కముందే "మా వైపు పెట్టు" అన్నాను. నీళ్ళు పడేచోట చిన్న కాలువ తీసి కరివేపాకు పాదులోకి మళ్ళించాను. అటు పడిన పాత చారల మీద రంగు కూడా నా డబ్బుతోనే వేయించాను.

ఆ ఏడు మొదటి వాన రాత్రంతా కురిసింది. పొద్దున్నే లేచి చూశాను. గోడ రెండు పక్కలా పొడిగా ఉంది. కాసేపటికి అవతల్నుంచి పిలుపు: "అక్కా, రెండు రెబ్బలు కరివేపాకు ఇస్తావా? తాలింపు మాడిపోతోంది!"

కొమ్మే విరిచి ఇచ్చాను. మీరు గోడ కట్టించేటప్పుడు రాయి ఏదైనా ఎంచుకోండి. వాటం ఎటు పెడుతున్నారో మాత్రం ఒకసారి చూసుకోండి.