సోడా పక్కన పెట్టండి బాబోయ్!

అబ్బబ్బబ్బ! ఏం వాసనండీ అది! గ్లాసు ఇంకా నోటిదాకా రానే లేదు, ఎండుద్రాక్ష, కమలా తొక్క, దాల్చినచెక్క అన్నీ ఒక్కసారే ముక్కులోకి దూరిపోయాయి!

సీసా పేరు అబెర్లావర్ అబునా. స్కాట్లాండు సరుకు. లండన్ నుంచి వస్తూ మా బావ పట్టుకొచ్చాడు. ఆల్కహాలు ఎంతో చూద్దును కదా, 60 శాతం పైమాటే! మన సీసాల మీద 42.8 చూసి చూసి అలవాటైన కళ్లండీ ఇవి!

"సోడా ఏది బావా?" అన్నాను.

"సోడా పోశావో, చెయ్యి విరగ్గొడతా! ముందు వట్టిదే నాలిక మీద వేసుకో" అన్నాడు.

వేసుకున్నా. మంట! భగ్గున మంట! ఆ మంట వెనకాలే తియ్యగా, చిక్కగా, వెచ్చగా, కాస్త వగరుగా ఏదో నోరంతా పరుచుకుంది! మింగేశాక కూడా పోదే! కబుర్లు చెప్పుకుంటున్నా సరే, ఆ రుచి అలాగే కూర్చుంది!

నేను పక్కా ఉయ్యూరువాణ్ణి. కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన పీల్చి పెరిగినవాణ్ణి. లోకంలో విస్కీ అంతా ఆ మొలాసిస్‌లోంచే పుడుతుందనుకునేవాణ్ణి, నిజం! మన చవక విస్కీల్లో చాలావాటి సంగతి అదేలెండి. కానీ స్కాట్లాండులో అలా చేస్తే విస్కీ అని పేరు పెట్టుకోనివ్వరట! సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్టు, అంతే. ఒకే డిస్టిలరీలో కాచాలి, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు పడుకోబెట్టాలి.

బార్లీ అండీ! జ్వరమొస్తే అమ్మ కాచి గొంతులో పోసే ఆ బార్లీ!

మరి ఎండుద్రాక్ష ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒక్క పండు వెయ్యలేదు! ఒలొరోసో షెర్రీ అనే స్పెయిన్ వైను నానిన పీపాల్లో ఉంచుతారట. చెక్క తాగింది, చెక్కే తిరిగి ఇచ్చింది! మామూలు విస్కీకి పీపాలోంచి తీశాక నీళ్లు కలిపి 40కో 43కో దించుతారు. దీనికి ఆ పని లేదు, పీపాలో ఎంత ఘాటో సీసాలోనూ అంతే. దీన్నే కాస్క్ స్ట్రెంత్ అంటారట. అందుకే ఒక విడత ఘాటు ఇంకో విడతకు ఉండదు!

స్కాట్లాండులో పీపాలో పడుకున్న విస్కీ ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతుంది, బెంగళూరు అమృత్ డిస్టిలరీలో 10 శాతం పైనే పోతుంది. మా ఉయ్యూరు మే నెల ఎండల్లో పెడితే పీపా నాకాల్సిందే!

అసలు విచిత్రం ఇంకా చెప్పలేదు. బావ చెంచాతో నాలుగు చుక్కలు మంచినీళ్లు వేశాడు. అంతే, వాసన మారిపోయింది! చాక్లెట్టు వచ్చింది, కాల్చిన జీడిపప్పు వచ్చింది! నీళ్లు పోస్తే పలచబడాలి గానీ ఇలా విచ్చుకోవడమేంటి? స్వీడన్ శాస్త్రవేత్తలు 2017లో లెక్కకట్టారట: ఘాటు 59 శాతం దాటితే గ్వాయకాల్ అనే సువాసన పదార్థం ఆల్కహాలు మధ్య దాక్కుంటుంది, నీళ్లు తగిలితే పైకి తేలుతుంది!

21 నిండి, తాగే అలవాటున్నవాళ్లు మీరూ రుచి చూడండి! ఐసు వద్దు, వేరుశనక్కాయలు వద్దు, మిక్చరు అసలే వద్దు. ముందు వాసన, తర్వాత వట్టి చుక్క, ఆ తర్వాతే నీళ్లు. గటగటా మాత్రం దించకండేం, గొంతు కాలుద్ది!