మా గదిలోని మందుల డబ్బా

మా గదిలో ఒక మందుల డబ్బా ఉండేది. బిస్కట్లు వచ్చే నీలం రంగు రేకు డబ్బా. సెలవు మీద ఊరికి పోయి వచ్చిన ప్రతి ఒక్కరం పచ్చళ్లు, సకినాలతో పాటు నాలుగైదు షీట్ల మందులు తెచ్చి అందులో వేసేవాళ్లం. జ్వరం గోలీలు, గ్యాసు గోలీలు, విరేచనాల గోలీలు, వాటితో పాటు యాంటీబయాటిక్ గోలీలు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రాసే అమాక్సిసిలిన్, సిప్రో, అజిత్రో, సెఫిక్సిమ్ పేర్లు మాకు నోటికి వచ్చు. ఎవరికి ఏ నొప్పి వచ్చినా డబ్బా మూత తీసేవాళ్లం.

మేము ఎనిమిది మందిమి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఐదుగురం, కడప వైపు నుంచి ఇద్దరం, తూర్పు గోదావరి నుంచి ఒకరం. క్లినిక్‌కు పోతే పూట డ్యూటీ పోతుంది. బయట మెడికల్ షాపులో చీటీ లేనిదే ఈ మందులు ఇవ్వరు. అందుకే మాకు ఆ డబ్బాయే ఆసుపత్రి. తప్పు చేస్తున్నామని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఒకరికొకరం సాయం చేసుకుంటున్నామనే అనుకున్నాం.

నాలుగేళ్ల కింద మా జగిత్యాల అన్నకు సైట్‌లో ఇనుప రాడ్డు గీసుకుని మోకాలి కింద తెగింది. షట్టరింగు పనిలో ఇలాంటివి మామూలే. క్లినిక్‌లో కట్టు కట్టారు. మూడు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అన్న పోలేదు. "ఏమైతదిరా, రెండు గోలీలు వేస్కుంటే తక్కువైతది" అన్నాడు. మేమే డబ్బా తీసి ఇచ్చాం. రెండు రోజులు అమాక్సిసిలిన్. వాపు తగ్గినట్టే అనిపించి ఆపేశాడు. నాలుగు రోజులకు మళ్లీ సలుపు. ఈసారి సిప్రో, అది అయిపోతే సెఫిక్సిమ్. ఏదీ పూర్తిగా వేసుకున్నది లేదు, డబ్బాలో ఎన్ని ఉంటే అన్ని. పన్నెండో రోజు చలిజ్వరంతో మంచం మీద వణికిపోయాడు. క్యాంప్ బాస్ బండి పిలిచి ఒక పెద్దాసుపత్రికి పంపాడు.

అక్కడ ఆపరేషన్ చేసి చీము తీశారు. అయినా జ్వరం దిగలేదు. వారం తర్వాత చూడటానికి పోతే అన్నను ఒంటరి గదిలోకి మార్చి ఉన్నారు. తలుపు మీద ఎర్ర కాగితం. లోపలికి పోవాలంటే పైన గౌను, చేతులకు గ్లౌజులు. అన్న మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "నన్ను అంటరానోణ్ణి చేసిన్రు" అని ఏడ్చాడు. మాకు కోపం వచ్చింది. కూలోడు కాబట్టే ఇలా చేశారని నర్సుతో గొడవ పెట్టుకున్నాం. ఆ మలయాళీ నర్సు ఓపికగా హిందీలో చెప్పింది: "మీ అన్న ఒంట్లో ఉన్న క్రిమికి మందులు పని చేయడం లేదు. పక్క మంచం వాళ్లకు అది పోకూడదు. ఇదే జబ్బు వస్తే షేకునైనా ఈ గదిలోనే పెడతాం."

అదే ఆసుపత్రి ల్యాబులో మన గుంటూరు తమ్ముడు ఒకతను పని చేస్తాడని అప్పుడే తెలిసింది. అన్న ఫైలులోని రిపోర్టు కాపీ మా చేతిలో పెట్టింది అతనే. ఎడమ వైపు మందుల పేర్లు, కుడి వైపు ఒక్కో అక్షరం. ఎస్ అంటే మందు పని చేస్తుంది, ఆర్ అంటే చేయదు. పై నుంచి కింది దాకా ఆర్, ఆర్, ఆర్. మా డబ్బాలోని పేర్లన్నీ అందులో ఉన్నాయి. క్రిమి పేరు క్లెబ్సియెల్లా. చివర ఎన్‌డీఎం అని మూడు అక్షరాలు.

శుక్రవారం తమ్ముడు మా గదికి వచ్చాడు. "ఇన్నేళ్లు గోలీలు మింగి అన్న ఒంటికి మందు అలవాటు పడ్డదా?" అని అడిగాం.

"అలవాటు పడేది మనిషి ఒళ్లు కాదన్నా, క్రిమి" అన్నాడు. "మన పేగుల్లో కోట్లాది క్రిములు ఉంటాయి. చాలా మటుకు మంచివే. మందు వేసుకున్నప్పుడల్లా దానికి లొంగేవి చస్తాయి. లొంగనివి ఏ ఒకటో రెండో ఉంటే వాటికి జాగా దొరుకుతుంది. వసతి బాగుంటే ఇరవై, ముప్పై నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. తెల్లారేసరికి జాగా అంతా వాటిదే."

లొంగకపోవడం ఎలా వస్తుందో కూడా చెప్పాడు. ప్రతి క్రిమిలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. ఏ పని ఎలా చేయాలో రాసి ఉన్న పుస్తకం లాంటిది. అందులో ఒక్కో పని గురించిన రాతే జన్యువు. కొన్ని క్రిములకు మందును కత్తిరించే కత్తెర తయారు చేసే జన్యువు ఉంటుంది. కొన్నింటికి లోపలికి వచ్చిన మందును మోటారు పెట్టి నీళ్లు తోడినట్టు బయటికి తోడే జన్యువు ఉంటుంది. కొన్ని, మందు వచ్చి పట్టుకునే చోటునే మార్చేస్తాయి.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ జన్యువులు కొన్నిసార్లు పెద్ద పుస్తకంలో కాకుండా విడిగా ఉండే చిన్న గుండ్రటి డీఎన్‌ఏలో ఉంటాయి. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. మాకు అర్థం కాలేదని తమ్ముడు ఫోన్ తీశాడు. "నా ఫోన్లో పాట ఉంది. బ్లూటూత్‌లో నీకు పంపితే నీకూ వస్తది, నా దగ్గరా ఉంటది. మన ఫోన్లు ఒకే కంపెనీవి కావాల్సిన పని లేదు. ప్లాస్మిడ్ కూడా అంతే. ఒక క్రిమి పక్కనున్న క్రిమికి కాపీ ఇస్తది. అది వేరే జాతిదైనా సరే." ఒక్క ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకు లొంగని జన్యువులు ఒకేసారి ఉండొచ్చట. అందుకే ఒక్క మందు వాడినా, అసలు వాడని మందులకు కూడా లొంగని క్రిమి పెరుగుతుంది.

ఆ తర్వాత మేము దీని గురించి దొరికినంత తెలుసుకున్నాం. అందులో ఒక మనిషి పేరు చూసి ఆగిపోయాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికా పోయి, చదువుకుంటూ ఖర్చుల కోసం అక్కడి ఆసుపత్రిలో రాత్రి పూట కింది స్థాయి పనులు చేశారు. మనలాగే పరదేశంలో కష్టపడ్డ మనిషి. ఆయన పరిశోధనా విభాగం నడిపిన లెడర్లీ కంపెనీలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు చనిపోయారు.

పదేళ్లు తిరక్కుండానే జపాన్‌లో రక్త విరేచనాల రోగులకు ఒకేసారి నాలుగు మందులు పని చేయకుండా పోయాయి. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్. ఒకే రోగి కడుపులో జబ్బు క్రిమి షిగెల్లా, మామూలుగా పేగుల్లో ఉండే ఈ.కోలి, రెండూ అవే నాలుగు మందులకు లొంగలేదు. 1959లో అక్కడి శాస్త్రవేత్తలు ఆ రెండు జాతుల క్రిములనూ కలిపి పెంచి చూస్తే, ఒకదాని గుణం రెండోదానికి పోయింది. బ్లూటూత్ సంగతి లోకానికి అప్పుడు తెలిసింది.

అన్న రిపోర్టులోని ఎన్‌డీఎం కథ కూడా అలాంటిదే. స్వీడన్‌లో ఉండే భారత సంతతి మనిషి ఒకరు ఢిల్లీ ఆసుపత్రిలో చేరి తిరిగి వెళ్లాక, 2008లో ఆయన మూత్రంలో క్లెబ్సియెల్లా దొరికింది. మెరోపెనెం వంటి పెద్ద మందులను కూడా కత్తిరించే కొత్త కత్తెర అందులో ఉంది. అదే జన్యువు ఆయన పేగుల్లోని ఈ.కోలిలో కూడా కనిపించింది. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారని 2010లో మన దేశంలో పెద్ద గొడవ అయింది. పేరు మీద కోపం న్యాయమే కావచ్చు. కానీ 2011లో వచ్చిన పరిశోధనలో ఢిల్లీలో తీసిన 50 తాగునీటి నమూనాల్లో రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51లో ఆ జన్యువు కనిపించింది. ఇప్పుడది ప్రపంచమంతా ఉంది. గల్ఫ్ ఆసుపత్రుల్లోనూ ఉంది. పాస్‌పోర్టు, వీసా దానికి అక్కర్లేదు.

ఆసుపత్రుల్లోనే ఇది ఎందుకు ఎక్కువంటే, అక్కడ మందుల వాడకం ఎక్కువ. కోసిన గాయాలు, మూత్రం గొట్టాలు, సూదులు క్రిమికి తలుపులు. రోగి నుంచి రోగికి అది ఎక్కువగా పోయేది చేతుల మీద. అందుకే ఆ గ్లౌజులు, ఆ ఒంటరి గది. మేము గొడవ పెట్టుకున్న నర్సుకు తర్వాత క్షమాపణ చెప్పుకున్నాం.

అన్నకు చివరికి కోలిస్టిన్ ఇచ్చారు. కిడ్నీలకు చెరుపు చేస్తుందని ఏనాడో పక్కన పెట్టిన పాత మందు. వేరే దారి లేక మళ్లీ తీశారు. దానికి కూడా లొంగని జన్యువు ప్లాస్మిడ్ మీద 2015లో చైనాలో బయటపడింది. మన దగ్గర కోళ్ల దాణాలో కలిపే ఆ మందును 2019లో ప్రభుత్వం నిషేధించింది.

అన్న 47 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కింది. కానీ మోకాలు వంగదు. క్యాంప్‌కు తిరిగి వచ్చిన రోజు పక్క గదుల వాళ్లు బాత్‌రూమ్ దగ్గర ఆయన్ను చూసి తప్పుకున్నారు. తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు, "ఆరోగ్యంగా ఉన్నవాళ్లు భయపడొద్దు. సబ్బుతో చేతులు కడుక్కోండి, పుండు మీద కట్టు ఉంచండి, తువ్వాలు విడిగా పెట్టండి." ఆ రాత్రి అన్నతో కలిసి ఎప్పటిలాగే కూర్చుని తిన్నాం. నెల తర్వాత ఆయన్ను ఊరికి పంపించారు.

మా మనసులో ఒక్క ప్రశ్న మిగిలింది. తమ్ముణ్ణి అడిగాం, "మా డబ్బా వల్లే అన్నకు ఇట్లయిందా?"

కాసేపు ఆగి చెప్పాడు. "అది ఎవ్వరూ చెప్పలేరన్నా. ఆ క్రిమి ఆసుపత్రిలోనే అంటుకుని ఉండొచ్చు. కానీ మీరిచ్చిన గోలీలు మంచి క్రిములను చంపి దానికి జాగా చేసి ఉండొచ్చు. పన్నెండు రోజులు డాక్టరు దగ్గరికి పోకుండా ఆపింది మాత్రం ఆ గోలీలే."

ఆ చివరి మాటకు మా దగ్గర జవాబు లేదు. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల లోకంలో 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లెక్క వచ్చింది. ఆ లెక్కలో చేరకుండా మా అన్న కొద్దిలో తప్పించుకున్నాడు.

డబ్బా ఇప్పటికీ ఉంది. అందులో జ్వరం గోలీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కట్టు గుడ్డ, దూది మాత్రమే ఉన్నాయి. షీటు మీద నిలువు ఎర్ర గీత ఉన్న మందు ఊరి నుంచి ఎవరూ తేవద్దని మాట అనుకున్నాం. ఆ గీత డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని చెప్పే గుర్తు. జలుబుకు, మామూలు ఫ్లూ జ్వరానికి యాంటీబయాటిక్ పని చేయదు. డాక్టరు ఇస్తే ఆయన చెప్పినన్ని రోజులు వేసుకుంటాం. మిగిలినవి దాచుకోం, పక్కవాడికి ఇవ్వం. గాయం ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా పూట డ్యూటీ పోయినా సరే క్లినిక్‌కు పోతాం. ఆ పూట జీతం మిగతా ఏడుగురం పంచుకుని ఇస్తాం. ఇంతకు ముందు గోలీలు పంచుకున్నాం, ఇప్పుడు ఇది పంచుకుంటున్నాం.

శుక్రవారాలు అన్న వీడియో కాల్ చేస్తాడు. కర్ర పట్టుకుని పొలం గట్టు దాకా నడుస్తున్నాడట. పోయిన వారం మనవడికి దగ్గు వస్తే ఆర్‌ఎంపీ డాక్టరు ఏదో షీటు ఇచ్చాడట. "ఎర్ర గీత ఉంది, వాపస్ ఇచ్చి పిల్లగాణ్ణి జగిత్యాల ఆసుపత్రికి తీస్కపోయిన" అని చెప్పాడు. మీ గదిలో కూడా ఒక డబ్బా ఉంటే, ఈ రాత్రి అందరూ కూర్చుని ఒకసారి మూత తీసి చూడండి.