ఎక్కడికీ వెళ్ళని సైకిలు

మా నాన్న స్కూలు మాస్టారు. తెనాలి దగ్గర ఓ పల్లెటూళ్ళో బడి. ఇంటినుంచి 12 కిలోమీటర్లు, కాలవ గట్టు మీద సైకిలు. పోనూ రానూ 24. అలా ముప్ఫయ్యేళ్ళు తొక్కాడు. ఆయన కొడుకునైన నేను, అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోతే ఆ రోజుకి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేసుకునే రకం.

నాన్న రిటైరయ్యాక సైకిలు మానేశాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకి షుగరొచ్చింది. రెంటికీ సంబంధం ఉందో లేదో అప్పట్లో నేను పట్టించుకోలేదు. 2023లో ఆఫీసువాళ్ళు చేయించే వార్షిక పరీక్షల్లో నా హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చేసరికి పట్టించుకోక తప్పలేదు. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 కి చేరితే ఇక షుగరే. నాకు 41 ఏళ్ళు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించమన్నాడు డాక్టరు. "ఓ తొంభైకి సర్దుకోవచ్చా?" అనడిగాను. ఎస్టిమేషన్ మీటింగుల అలవాటు మరి! ఆయన నవ్వలేదు.

సైకిలైతే ఉంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో అందరితోపాటు కొన్నదే. బాల్కనీలో బట్టలారేసుకోడానికి భేషుగ్గా ఉంటోంది. బయట తొక్కుదామంటే, రాత్రి పదకొండున్నర దాకా అమెరికా కాల్సు. తెల్లారగట్ట వీధికుక్కలు, ఎనిమిది దాటితే నిజాంపేట ట్రాఫిక్కు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మంచిదే, కానీ అక్కడికి చేరాలంటే ముందు సైకిల్ని కారెక్కించాలి. మన బద్ధకానికి అది చాలు. అందుకని, సాకులన్నీ ఒకేసారి తీసేద్దామని ట్రైనర్ కొన్నాను.

తెలియనివాళ్ళకి: ట్రైనరంటే వ్యాయామం సైకిలు కాదు. మన సైకిలు వెనక చక్రాన్ని పట్టి నిలబెట్టే స్టాండు. వీటిలో రెండు రకాలు. మొదటిదాంట్లో వెనక టైరు ఓ రోలరు మీద ఆనుతుంది. చవక, కానీ టైరు అరుగుతుంది, చప్పుడెక్కువ. రెండోదాంట్లో వెనక చక్రం పూర్తిగా ఊడదీసి గొలుసుని నేరుగా ట్రైనరుకే తగిలిస్తారు. చప్పుడు తక్కువ, ధర బాగా ఎక్కువ. స్మార్ట్ రకమైతే మనం ఎన్ని వాట్ల శక్తి పెడుతున్నామో బ్లూటూత్‌లో ఫోనుకి చెబుతుంది. నేను రోలరు రకంలో స్మార్ట్‌ది తీసుకున్నాను. అంకెలు కనబడకపోతే మనకి నిద్ర పట్టదు కదా..

మొదటిరోజు పన్నెండు నిమిషాలు తొక్కాను. కింద చెమట మడుగు కట్టింది. బయటైతే మనం కదులుతుంటే వచ్చే గాలికే చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. గదిలో ఆ గాలి లేదు. అదే వేగానికి గుండె ఇంకా ఇంకా పరిగెడుతుంది. సీలింగు ఫ్యాను దేనికీ చాలదు, ఎదురుగా పెడస్టల్ ఫ్యాను ఉండాల్సిందే. హ్యాండిల్ మీద ఓ తువ్వాలు కూడా, లేకపోతే ఉప్పుచెమటకి బోల్టులు తుప్పు పడతాయి. కింద మందపాటి రబ్బరు చాప. ఇది కింది ఫ్లాటాయన వచ్చి తలుపు కొట్టాక తెలిసింది.

నాలుగోరోజుకి మోకాలి ముందుభాగంలో నొప్పి. సీటు మరీ కిందకి ఉంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ళ వైపుతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు పైకి లేపాక వారంలో నొప్పి పోయింది.

అసలు తప్పు ఇవేవీ కావు. 2014లో వచ్చిన జ్విఫ్ట్ అనే ఆప్ ఉంది. అందులో వటోపియా అనే ఉత్తుత్తి ద్వీపంలో మన బొమ్మ సైకిలు తొక్కుతుంటే, ఎక్కడెక్కడివాళ్ళ బొమ్మలో మనల్ని దాటుకుపోతుంటాయి. నాకు రోషం వచ్చేది. రోజూ ఎవడో ఒకణ్ణి తరమడం, ఇరవై నిమిషాలకి ఊపిరాడక దిగిపోవడం, రెండ్రోజులు కాళ్ళనొప్పులని మానెయ్యడం. పైగా రెండోవారంలోనే ఎఫ్‌టీపీ పరీక్ష పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు ఉన్న బలమంతా పెట్టి తొక్కి, ఆ సగటు వాట్లలో 95 శాతం తీసుకోవాలి. సుమారుగా గంటసేపు మనం నిలబెట్టుకోగల శక్తి అదన్నమాట. పదకొండో నిమిషంలో కళ్ళు తిరిగి గోడకి జారబడ్డాను. "ఉన్న రిపోర్టు బాగుచేసుకోమంటే కొత్త రిపోర్టు తెస్తారా?" అంది మా ఆవిడ. కోడు కంపైలు కాకుండానే లోడ్ టెస్టింగు చేసినట్టుంది నా వ్యవహారం. రెండు నెలలు తిరక్కుండా సైకిలు మీదికి మళ్ళీ తువ్వాళ్ళు వచ్చి చేరాయి.

2024 సంక్రాంతి అయ్యాక నాన్న మా ఇంటికొచ్చాడు. ఆయన ముందు పరువు పోకూడదని ఓ పొద్దున్న మళ్ళీ ఎక్కాను. పేపరు పక్కనపెట్టి కాసేపు చూశాడు.

"ఎంత దూరం వెళ్ళావురా?"

"తొ..మ్మిది.. కిలో.." అన్నాను రొప్పుతూ.

"మాటే రావట్లేదేంట్రా నీకు? లెక్కల మాస్టారూ నేనూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. మాట ఆగిందంటే ఎదురుగాలి ఎక్కువైందని నెమ్మదించేవాళ్ళం. వెళ్ళాక పాఠం చెప్పాలి కదరా!"

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా అదే మెదిలింది. వెళ్ళాక పాఠం చెప్పాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. ముప్ఫయ్యేళ్ళు నడిచిన పద్ధతి అది. నేను తొక్కుతున్నది రేపు తొక్కాల్సిన పని లేనివాడిలా!

దీన్నే కోచ్‌లు టాక్ టెస్ట్ అంటారు. తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన జోరు. లెక్కల్లో కావాలంటే జోన్ 2, అంటే ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం. తర్వాతెప్పుడో ఒళ్ళు అలవాటు పడ్డాక తీసిన నా ఎఫ్‌టీపీ 142. అంటే నేను తొక్కాల్సింది 80 నుంచి 105 వాట్లు. అంతకుముందు 170 దగ్గర చస్తూ ఉండేవాణ్ణి. ట్రైనరు మీద సిగ్నళ్ళు లేవు, దిగుడు లేదు, కాళ్ళు ఆపితే చక్రం ఆగిపోతుంది. కాబట్టి నెమ్మదిగా తొక్కిన అరగంట కూడా తక్కువేం కాదు.

నాన్న తిరిగి ఊరెళ్ళాక ఓ ఏర్పాటు చేసుకున్నాం. వారానికి ఐదురోజులు, పొద్దున్న ఆరుంబావుకి సైకిలెక్కి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆయనకి ఫోను చేస్తాను. ముప్ఫై నిమిషాలు. ఐదు ముప్ఫైలు నూటయాభై. వర్షాలు, మినుములు, పెన్షను, ఎవరింట్లో పెళ్ళి.. ఇవీ కబుర్లు. నా మాట తెగితే "గేరు తగ్గించరా" అంటాడు. అంతకుముందు మేమిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు మించి మాట్లాడుకున్న గుర్తు లేదు నాకు. "అమ్మకిస్తున్నా" అనేసేవాడు.

ఆరునెలల తర్వాత రిపోర్టు 5.8. అన్నం కూడా సగానికి తగ్గించాను కాబట్టి ఘనతంతా సైకిలుకే ఇవ్వలేను. ప్రీడయాబెటిస్ గీత ఇంకా దాటి బయటపడలేదు కూడా. కానీ సైకిలు మీద బట్టలు ఆరట్లేదు.

మొన్నొకరోజు ఫోన్లో నాన్న గొంతు తేడాగా వినిపించింది. మాట మధ్యమధ్యలో ఆగుతోంది. కంగారుపడి కాళ్ళు ఆపేశాను.

"ఎక్కడున్నావు నాన్నా?"

"కాలవ గట్టు మీద. నువ్వక్కడ తొక్కుతుంటే నేను కుర్చీలో కూచోడమెందుకని, వారం నుంచి నడుస్తున్నా."

"మాట తెగుతోంది, కాస్త నెమ్మదిగా నడు" అన్నాను.