ముందు తీగలు, చివర సీట్లు



పాత కారును విప్పుట ఎవరికైనా చేతనవును. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, కొంచెము ఓపిక ఉంటే మూడు రోజులలో బండి లోపల ఉన్నదంతా తెచ్చి అరుగు మీద పోయవచ్చును. కష్టమంతా తిరిగి బిగించుటలోనే ఉన్నది. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమము తప్పితే, చేసిన పనినంతా మళ్లీ విప్పుకోవలసి వస్తుంది. మా ఇంటి అంబాసిడరు మాకు నేర్పిన ఆ క్రమమును గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పాలని ఇది వ్రాస్తున్నాము.

మాది గుడివాడ దగ్గర ఒక పల్లెటూరు. మా నాన్నగారు 1978 మోడలు అంబాసిడరును కిరాయికి త్రిప్పి మా ముగ్గురు అన్నదమ్ములను చదివించారు. ఈనాటి పిల్లలకు ఆ బండి అంతగా తెలియదు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ఆధారముగా హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో దానిని తయారుచేశారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. ముందు సీటు బల్లవలె ఒకటే. గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కనే ఉంటుంది. హెడ్‌లైటు వెలుగు ఎత్తుటకు, దించుటకు మీట ఎడమ కాలి దగ్గర ఉంటుంది.

నాన్నగారికి ఇప్పుడు ఎనభై మూడు సంవత్సరములు. జ్ఞాపకము తగ్గుతున్నది. ఒకరోజు మమ్మును పేరు పెట్టి పిలుస్తారు, మరునాడు "ఎవరబ్బాయి మీరు?" అని అడుగుతారు. కొట్టములో ఏండ్ల తరబడి నిలిచిపోయిన బండిని పాత ఇనుముకు వేద్దామని మాలో ఒకరు, బాగుచేద్దామని ఇద్దరు వాదించుకున్నాము. "ఆయనకు తెలివి ఉండగానే చెయ్యండిరా" అని అమ్మ అన్నది. ఆ మాటతో ముగ్గురము ఒక్కటయ్యాము. టింకరింగు, రంగు పని బయట చేయించాము. సామాను విజయవాడ ఆటోనగరులో వెదకి తెచ్చాము. లోపలి పని మాత్రము సెలవు దినములలో ఇంటి దగ్గర మేమే చేసుకున్నాము.

నిజానికి బిగించే పని, విప్పే రోజునే మొదలవుతుంది. ఏ భాగము స్క్రూలు ఆ భాగము కవరులో వేసి పేరు వ్రాశాము. ప్రతి తీగ కొసకు చీటీ కట్టాము. విప్పకముందు ఒకటి, విప్పిన తరువాత ఒకటి సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాము.

మొదట నేల రేకు. తుప్పు గీకి, రంగు వేయించి, అది బాగా ఆరిన తరువాత చప్పుడును, వేడిని ఆపే ఫెల్టును అతికించాము. తరువాత తీగలు. బ్రిటిషు పద్ధతి బండ్లలో తీగ రంగే దాని పని చెబుతుంది. గోధుమ రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లది తాళము త్రిప్పితే పనిచేసేది. నీలము హెడ్‌లైట్లకు, ఎరుపు చిన్న దీపములకు, నలుపు ఎర్తుకు. ఈ లెక్కన తీగలన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. వెనుక తలుపు ప్రక్క స్తంభములో నుండి ఒక పసుపు తీగ పైకప్పు వరకు వెళ్లి, కొస తెగి వ్రేలాడుతున్నది. ఏ పటములోనూ అది లేదు. మెకానిక్కును అడిగితే, "తీసి పారెయ్యండి, పనికిమాలిన తీగ" అన్నాడు.

పారవేయక ముందు నాన్నగారిని కుర్చీతో సహా కొట్టములోకి తీసుకువచ్చి, తీగను ఆయన చేతిలో పెట్టాము. ఆ ఉదయము ఆయన మమ్మును పోల్చలేదు. తీగను మాత్రము రెండు వ్రేళ్ల మధ్య త్రిప్పి చూచి, "వెనక దీపంరా ఇది. చీకట్లో మంత్రసానికి కనబడొద్దూ?" అన్నారు.

మిగతాది అమ్మ చెప్పింది. ఆ రోజులలో నొప్పులు పడే స్త్రీలను రాత్రివేళ కాలువగట్టు మీదుగా గుడివాడ ఆసుపత్రికి ఈ బండిలోనే తీసుకువెళ్లేవారట. ఒకసారి దారిలోనే కాన్పు అయినదట. ఆ మరుసటి వారమే నాన్నగారు వెనుక సీటు పైన వేరుగా దీపము పెట్టించారట. అలాంటి కిరాయిలకు ఆయన డబ్బు అడిగేవారు కాదని కూడా ఆ రోజే మాకు తెలిసింది.

ఆ తీగను క్రొత్తది చేసి, దీపము కొని, అప్పుడు పైకప్పు గుడ్డకు వెళ్లాము. ఆ గుడ్డ ఇనుప కమ్మీల మీద వ్రేలాడుతుంది. దాని అంచులను అద్దము చుట్టూ ఉన్న రేకుకు అతికించి, ఆ అంచుల మీద అద్దము రబ్బరు ఎక్కించాలి. అందుచేత తీగ తరువాత గుడ్డ, గుడ్డ తరువాత అద్దము. రబ్బరు గాడిలో సన్నని తాడు చుట్టూ పెట్టి, సబ్బునీళ్లు రాసి, బయటనుండి ఇద్దరము అద్దమును ఒత్తుతుండగా మూడవవాడు లోపలనుండి తాడును నెమ్మదిగా లాగాడు. ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

తరువాత డాష్‌బోర్డు. దాని వెనుక ఉండవలసిన వైపరు కడ్డీలు, చోక్ కేబులు, స్పీడోమీటరు కేబులు ముందే చేరాలి. స్క్రూలన్నిటిని మొదట చేతితో వదులుగా ఎక్కించి, పలక సరిగా కూర్చున్న తరువాతనే బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే రెండవ మూల రంధ్రము కలవదు. ఇంకొక సంగతి. క్రొత్త రంగు కరెంటును ఆపుతుంది. ఎర్తు తీగ తగిలే చోట రంగును గీకి రేకు కనబడేలా చేయాలి. లేకపోతే మంచి దీపము కూడా వెలుగదు. బ్యాటరీ తీగలో ఫ్యూజు పెట్టి, ఒక్కొక్క స్విచ్చు వేసి చూచుకొని, అన్నీ పనిచేసిన తరువాతనే డాష్‌బోర్డును పూర్తిగా బిగించాము.

తలుపులకు ముందు తాళము, అద్దము దించే యంత్రము. దాని మీద ప్లాస్టికు కాగితము. తరువాత రెక్సిను అట్ట. చివర పిడులు. ఆ కాగితము లేకపోతే అద్దము సందున దిగిన వాన నీరు తగిలి అట్ట ఉబ్బిపోతుంది. తలుపు అడుగున నీరు పోయే రంధ్రములను మూయకూడదు. ఇవన్నీ అయిన తరువాత నేల మ్యాట్లు, వాటి మీద సీట్లు.

చూడవచ్చిన వారందరూ మొదట అడిగినది సీట్లను గూర్చియే. "ఇంకా సీట్లు వెయ్యలేదా? కూర్చుని చూద్దామంటే!" అనేవారు. సీటు ముందుగా వేస్తే డాష్‌బోర్డు క్రింద పడుకొని పనిచేసే చోటు ఉండదు. క్రొత్త రెక్సిను మాసిపోతుంది. కూర్చునే సుఖము చివర రావలసినదే.

సీటు వేసిన సాయంత్రము నాన్నగారిని ఇద్దరము పట్టి స్టీరింగు ముందు కూర్చుండబెట్టాము. ఆయన చేయి నేరుగా గేరు కడ్డీ మీదికి వెళ్లింది. వెనుక దీపము వేశాము. తల త్రిప్పి ఖాళీ సీటు వైపు చూచి, "ఎవరమ్మా, బాగా నొప్పిగా ఉందా? వచ్చేశాంలే" అన్నారు. అమ్మ వెళ్లి ఆ సీటులో కూర్చున్నది.

మీ ఇంటిలో కూడా పాత బండో, పాత ఇల్లో, బావి మోటారో బాగుచేయవలసి ఉండవచ్చును. పటములు, పుస్తకములు చూడండి. మేస్త్రీలను అడగండి. వీటన్నిటికంటె ముందు, ఇన్నాళ్లు దానిని వాడిన పెద్దవారిని దగ్గర కూర్చుండబెట్టుకొని అడగండి. పైకప్పు గుడ్డ వేయకముందే అడగండి.