నాకేమీ రాదు అనకండి

ప్రియమైన తమ్ముళ్లారా,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది చదువు ముగించి ఊళ్లో ఖాళీగా ఉంటున్న మన హాస్టల్ పిల్లలే.

మా రోజుల్లో రొద్దం చుట్టుపక్కల వాన కురిస్తే శనిక్కాయల పని, కురవకుంటే బెంగళూరు ప్రయాణం. ఇప్పుడు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ 2019లో ఉత్పత్తి మొదలైంది. హిందూపురం పక్కన తూముకుంటలో పరిశ్రమలున్నాయి. ధర్మవరంలో పట్టు మగ్గాలు ఉండనే ఉన్నాయి. అయితే ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి రాదు.

సెలవు రోజుల్లో కొందరు తమ్ముళ్లకు ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో చెబుతుంటాను. "నీకేం వచ్చు?" అని అడిగితే ఎక్కువమంది "నాకేమీ రాదన్నా" అంటారు. ఒక తమ్ముడూ అలాగే అన్నాడు. మాటల్లో తెలిసింది, రెండేళ్లు మెస్ కమిటీలో ఉన్నాడట. బియ్యం, కందిపప్పు, నూనె తూకం చూసి దించుకునేవాడు. ఆ రోజు హాజరును బట్టి సరుకులు ఇచ్చి రిజిస్టరులో రాసేవాడు. తూకం తగ్గితే తెచ్చినాయనకు అక్కడే చెప్పేవాడు. ఏ కంపెనీ స్టోర్సులోనైనా చేసే పని అదే కదా! ఆ తమ్ముడికి పని వచ్చు. దాన్ని పని అంటారని ఎవరూ చెప్పలేదు, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాలలో ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం ఉన్నాయి. ఒకే గదిలో అంతమందితో సర్దుకుని, నీళ్లు రాని రోజు కూడా బడి గంటకు తయారైన మనకు ఇవి కొత్త కావు. కొత్తది నోరు తెరిచి చెప్పుకోవడమే. కూలి డబ్బులు అడగడానికే జంకిన అమ్మానాన్నల బిడ్డలం మనం. ఆ జంకు మనతోనే పోవాలి.

అందుకు మూడు పనులు చేయండి. మీరు చేసిన పనులను ఐదు వాక్యాల్లో రాసి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో నలుగురి ముందు చెప్పండి. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కులలో పేరు ఒకేలా ఉందో లేదో చూసి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పనిలో చేరేముందు చేతికొచ్చే జీతమెంత, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, తీసుకునేది కంపెనీయా కాంట్రాక్టరా అని మర్యాదగా అడగండి. అడగడం పొగరు కాదు.

స్టడీ అవర్‌లో రోజూ పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఒకరు లేచి తాను చేసిన పని గురించి చెప్పాలి, మిగతావారు నవ్వకుండా వినాలి. మొదట గొంతు వణుకుతుంది. వారం తిరిగేసరికి సర్దుకుంటుంది.

మీ మేలు కోరే,
పూర్వ విద్యార్థి